నమ్మకం వేరు... ఎరుక వేరు!

నల్గొండ పల్లెల్లో ఎవరినైనా ఏదైనా అడిగి చూడండి. తెలిసిన సంగతైతే ‘నాకెరుకనే’ అంటారు. తెలియకపోతే ‘నాకెరుక లేదు’ అనేస్తారు. అంతే, దాపరికం ఉండదు. అదే పల్లెలో ఎప్పుడైనా ఓ ఎరుకలమ్మ గడప ముందుకొచ్చి ‘ఎరుక చెబుతానమ్మా ఎరుక’ అంటుంది. మాట ఒక్కటే. కానీ మొదటి ఎరుక కళ్లారా చూసింది, చెవులారా విన్నది. రెండోది విన్నవాళ్లు నమ్మితేనే నిలబడేది. ఒకే మాటలో ఇలా తెలియడమూ నమ్మడమూ కలిసి కాపురం చేస్తున్నాయి.

నిజానికి ఈ రెంటికీ ఉన్న తేడాను తెలుగు భాష ఎప్పుడో పట్టేసింది. ‘నేను నమ్ముతున్నాను’ అంటాం. ‘నాకు తెలుసు’ అంటాం. నమ్మేది ‘నేను’. తెలిసేది ‘నాకు’. నమ్మడం మనం చేసే పని. తెలియడం మన దగ్గరికి వచ్చేది. రోజూ వందసార్లు ఈ మాటలు వాడతాం, ఎక్కడా తడబడం. దేవుడి ప్రస్తావన వచ్చేసరికి మాత్రం రెండూ కలగాపులగమైపోతాయి. ‘ఉన్నాడని నమ్ముతున్నా’ అనాల్సినవారు ‘ఉన్నాడని నాకు తెలుసు’ అంటారు. ‘నాకు నమ్మకం లేదు’ అనాల్సినవారు ‘లేడని నాకు తెలుసు’ అంటారు. ఆ మీదట ఒకరి నుదుట ఆస్తికుడు, మరొకరి నుదుట నాస్తికుడు అన్న చీటీ పడిపోతుంది. ఇక వాదులాటే!

నలుగురు... ఒక్క ప్రశ్న

ఓ ఇంటిని ఊహించుకుందాం. యాదగిరిగుట్టకు ఏటా వెళ్లివచ్చే కుటుంబం. ఆ ఇంట్లో నలుగురిని ‘దేవుడున్నాడా?’ అని అడిగామనుకోండి.

‘ఉన్నడు. నాకెరుకనే. ఇంకొకలు చెప్పాల్నా?’ అంటుంది నాయనమ్మ.

‘ఉన్నడో లేడో రుజువు చెయ్యమంటే నాతోని కాదు. నమ్ముకున్న... మొక్కుకుంట’ అంటుంది అమ్మ.

‘నాకు నమ్మకం కుదుర్తలేదు. గట్లని లేడని గట్టిగ చెప్పలేను’ అంటాడు డిగ్రీ చదివే కొడుకు.

‘లేనే లేడు. నాకు తెలుసు’ అంటాడు చిన్నాయన.

ఊరు ఈ నలుగురినీ రెండు ముక్కలు చేస్తుంది. నాయనమ్మ, అమ్మ భక్తులు. కొడుకు, చిన్నాయన నాస్తికులు. కానీ కాస్త జాగ్రత్తగా వింటే లెక్క మారిపోతుంది. అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో రెండున్నాయి. నమ్ముతున్నావా అన్నది ఒకటి. నీకు తెలుసా అన్నది రెండోది. నమ్మకం సంగతిలో అమ్మ నాయనమ్మ పక్కన నిలబడుతుంది. తెలియడం సంగతిలో మాత్రం కొడుకు పక్కన నిలబడుతుంది. ఎందుకంటే ‘నాకు తెలుసు’ అని ఆ తల్లీ అనలేదు, ఆ బిడ్డా అనలేదు. అలాగే బద్ధవిరోధుల్లా కనిపించే నాయనమ్మా చిన్నాయనా ఒక విషయంలో ఒకటే... ఇద్దరికీ సందేహమన్నది లేదు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుంది? సత్యనారాయణ వ్రతం రోజున పీటల మీద కూర్చోనన్న కొడుకు ఇంటి పరువు తీసినవాడవుతాడు. కూర్చోమన్న తల్లి మూఢురాలవుతుంది. తండ్రి పోయినప్పుడు కర్మ చేయాలా వద్దా అన్నదగ్గర అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ‘పిల్లవాడు దేవుణ్ని నమ్మడట’ అన్న ఒక్క మాట మీద కుదిరిన ముహూర్తం తప్పిపోతుంది. అసలు ఆ పిల్లవాడు ఏమన్నాడో, ఎంతవరకు అన్నాడో ఎవరూ అడగరు. చీటీ చదువుతారంతే.

చీటీలు ఇలా పుట్టాయి

ఆస్తికుడు, నాస్తికుడు అన్న మాటలు ఇవాళ్టివి కావు. ‘అస్తి’ అంటే ఉంది. ‘నాస్తి’ అంటే లేదు. పాణిని వ్యాకరణంలోనే ఈ మాటల పుట్టుక కనిపిస్తుంది. ఏది ఉంది, ఏది లేదు? వ్యాఖ్యాతలు చెప్పింది దేవుడి గురించి కాదు, పరలోకం గురించి! పరలోకం ఉందనుకునేవాడు ఆస్తికుడు, లేదనేవాడు నాస్తికుడు. ఆ తర్వాత ధర్మశాస్త్రాల కాలానికి అర్థం మారింది. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు నాస్తికుడయ్యాడు. దేవుణ్ని నమ్మనివాడు అన్న అర్థం స్థిరపడింది ఆ తర్వాతే.

అందుకే పాత లెక్కలు చూస్తే ఇవాళ్టివారికి ఆశ్చర్యం కలుగుతుంది. సృష్టికర్త అవసరం లేదన్న సాంఖ్యులూ పూర్వమీమాంసకులూ ఆస్తికులే! ఎందుకంటే వేదాన్ని కాదనలేదు. గుళ్లు కట్టి, విగ్రహాలు నిలిపి, ఉపవాసాలు చేసే జైనులు మాత్రం నాస్తికుల జాబితాలో పడ్డారు. అంటే ఆ చీటీ మనిషి మనసులోని నమ్మకాన్ని చూసి వేసింది కాదు. ఏ గ్రంథాన్ని ఒప్పుకుంటాడో చూసి వేసింది.

‘నాస్తికులు’ కట్టిన గుడి చూడాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. పూర్వపు నల్గొండ జిల్లాలోని కొలనుపాక... 2016లో జిల్లాల విభజన తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. అక్కడి జైన మందిరానికి దేశం నలుమూలల నుంచీ యాత్రికులు వస్తారు. అదే ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది. వీరశైవులకు పూజ్యుడైన రేణుకాచార్యుడు అక్కడే ఉద్భవించాడని వాళ్ల విశ్వాసం. పాత లెక్కలో ఒకరు ఆస్తికులు, మరొకరు నాస్తికులు. యాత్రికుడి కంటికి మాత్రం రెండుచోట్లా కనిపించేది చేతులు జోడించిన మనుషులే.

ఆ జైనుల తర్కంలో ఒక చక్కని అలవాటు ఉంది. దాన్ని స్యాద్వాదం అంటారు. ఏ మాటనైనా ‘స్యాత్’ అని మొదలుపెట్టమంటారు. అంటే ‘ఒక కోణంలో చూస్తే’ అని. ఒక కోణంలో ఉంది, ఒక కోణంలో లేదు, ఒక కోణంలో మాటలకు అందదు... ఇలా ఏడు రకాలుగా చెప్పవచ్చంటారు. గోడకు ఇవతల నిలబడ్డవాడు అవతలివైపు గురించి ఖాయంగా మాట్లాడకూడదన్న జాగ్రత్త అది.

ఒకే ఇల్లు, రెండు దారులు

కృష్ణా తీరానికి వెళితే కథ ఇంకా బాగుంటుంది. నాగార్జునసాగర్ నీళ్లు నిండకముందు ఆ లోయలో విజయపురి ఉండేది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. ఆ వంశానికి మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు వైదిక ధర్మాన్ని పాటించినవాడు. అశ్వమేధం చేసినవాడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధానికి అండగా నిలిచింది. అక్కడి మహాచైత్యం ఆమె పోషణలో వెలిసిందని శాసనాలు చెబుతున్నాయి. అన్నది యజ్ఞం, చెల్లిది చైత్యం. ఆ కుటుంబంలో రాణులూ ఇతర స్త్రీలూ బౌద్ధ విహారాలకు దానాలిచ్చారు. ఇంట్లో రెండు దారులున్నాయని ఇల్లు విడిపోలేదు. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య సంబంధాలు కలుపుకొన్నారు కూడా... చాంతిసిరి అల్లుడు స్వయానా ఆమె మేనల్లుడే!

బౌద్ధం కూడా ఈ నమ్మకం, ఎరుకల దగ్గర కచ్చితంగా ఉండేది. లోకం శాశ్వతమా కాదా, తథాగతుడు మరణం తర్వాత ఉంటాడా ఉండడా వంటి ప్రశ్నలకు బుద్ధుడు జవాబు చెప్పలేదని పాళీ గ్రంథాలు చెబుతాయి. విషపు బాణం తగిలినవాడు, దాన్ని ఎవరు వేశారో, వాళ్లది ఏ కులమో తెలిసేదాకా బాణం తీయనివ్వనని పట్టుబడితే ఏమవుతాడు? ముందు బాణం తీయాలి. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక సమాధానమే.

హక్స్‌లీ కొత్త మాట

ఇక పడమటి దేశాలకు వద్దాం. 1869లో ఇంగ్లండులో థామస్ హెన్రీ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్తకు ఇదే చిక్కు వచ్చింది. తన చుట్టూ ఉన్న పండితులందరికీ ఏదో ఒక చీటీ ఉంది. అందరూ విశ్వరహస్యం తేలిపోయిందన్న ధీమాతో ఉన్నారు. తనకు ఆ ధీమా లేదు. అందుకని తన కోసం ఓ కొత్త మాట తయారు చేసుకున్నాడు... ‘అగ్నాస్టిక్’. తెలుగులో దాన్నే అజ్ఞేయవాది అంటున్నాం. తెలియనిదాన్ని తెలిసిందని చెప్పనివాడు అని అర్థం.

చాలామంది అజ్ఞేయవాది అంటే ఆస్తికుడికీ నాస్తికుడికీ మధ్య గోడ మీద కూర్చున్న పిల్లి అనుకుంటారు. అది పొరపాటు. అజ్ఞేయవాదం నమ్మకానికి సంబంధించిన మాట కాదు, తెలియడానికి సంబంధించిన మాట. పైన చెప్పిన ఇంట్లో అమ్మ నమ్ముతూనే ‘తెలియదు’ అంటోంది. కొడుకు నమ్మకుండానే ‘తెలియదు’ అంటున్నాడు. ఇద్దరూ ఆ కొలతలో అజ్ఞేయవాదులే. పొద్దున్నే దీపం పెట్టే ఎంతోమంది గృహిణులు ఈ కోవలోకే వస్తారు. కాకపోతే ఆ పేరు వాళ్లెప్పుడూ వినలేదు.

మరి నాయనమ్మ ‘ఎరుకనే’ అన్న మాటను కొట్టిపారేయాలా? అదీ కుదరదు. ఏది తెలిసినట్టు, దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి అన్నదానిమీద మన దేశంలో వందల ఏళ్లు చర్చ జరిగింది. చార్వాకులు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం అన్నారు. నైయాయికులు ప్రత్యక్షంతోపాటు అనుమానం, ఉపమానం, ఆప్తవాక్యం కూడా ఒప్పుకున్నారు. నాయనమ్మకు పెద్దలు చెప్పిన మాట ప్రమాణం. కష్టకాలంలో తనకు కలిగిన ధైర్యం ప్రమాణం. చిన్నాయనకు కంటికి కనిపించేదే ప్రమాణం. కాబట్టి వాళ్ల తగువు దేవుడి గురించి అనుకుంటాం గానీ, అసలు తగువు ప్రమాణం గురించి. ఆ సంగతి తెలిస్తే సగం కేకలు తగ్గుతాయి.

సేవాగ్రామ్‌లో ఓ పెళ్లి

చీటీలు పక్కన పెడితే ఎంత పని జరుగుతుందో తెలుగువాడే ఒకాయన చూపించాడు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు (1902-1975) వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. నాస్తిక భావాల వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడకు మారింది.

దేవుడు లేడనే ఈ మనిషి దేవుడే సర్వస్వమనే గాంధీజీని కలిశారు. ఇద్దరూ వాదించుకున్నారు. ఎవరూ తమ నమ్మకం మార్చుకోలేదు. కానీ అంటరానితనం పోవాలన్నదగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. గోరా తన పెద్దకూతుర్ని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలనుకుంటే, సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపిద్దామని గాంధీజీ ఒప్పుకున్నారు. అంతేకాదు... ఆ పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పుకోవడానికీ సమ్మతించారు. పెళ్లినాటికి ఆయన లేరు. అయినా 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఆ సంభాషణలన్నీ గోరా పుస్తకంగా రాస్తే 1951లో ప్రచురించింది గాంధీజీ స్థాపించిన నవజీవన్ సంస్థే!

దరఖాస్తులో ఓ గడి

చీటీలు ఇళ్లల్లోనే కాదు, దరఖాస్తు ఫారాల్లోనూ ఉంటాయి. ‘మతం’ అన్న గడి ఉంటుంది. పుట్టిన పసిబిడ్డకు కూడా అది నింపాలి. ఆ బిడ్డ ఏం నమ్ముతుందని? ఏం తెలుసని? తమ బిడ్డకు ఏ మతమూ ఏ కులమూ రాయబోమన్న దంపతులు కోర్టుకెక్కారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. జనన నమోదు దరఖాస్తులో ‘మతం లేదు, కులం లేదు’ అన్న గడి కూడా పెట్టాలని అధికారులను ఆదేశించింది. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని అనుసరించే స్వేచ్ఛతోపాటు అంతఃకరణ స్వేచ్ఛనూ ఇచ్చింది. నమ్మే హక్కుంటే నమ్మకుండా ఉండే హక్కూ ఉన్నట్టే.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సుమారు 28.7 లక్షల మంది మతం చెప్పనివారిగా నమోదయ్యారు. వాళ్లంతా నాస్తికులేనా? చెప్పలేం. చెప్పకపోవడానికి ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. అలాగే ఏదో ఒక మతం రాయించుకున్నవారంతా దాన్ని మనసారా నమ్ముతున్నారనీ చెప్పలేం. గడి చెప్పేది పుట్టిన ఇంటి గురించి. మనసు గురించి కాదు.

పాలమూరు, నల్గొండ పల్లెల్లో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మొహర్రం వచ్చిందంటే పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. ఇప్పుడు అది రంగారెడ్డి జిల్లా. పూర్వపు నల్గొండ జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గా ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. రెండుచోట్లా మొక్కు చెల్లించేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. దరఖాస్తులో గడి ఒకటి చెబుతుంది, మొక్కు మరొకటి చెబుతుంది.

నీళ్ల దగ్గర తేలిపోతుంది

అయితే ఇదంతా దేవుడి గురించిన చర్చతో ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. నమ్మకం వెళ్లి ఎరుక కుర్చీలో కూర్చున్నప్పుడే చిక్కు.

బోరు వేసే ముందు పాయింటు చూపించడం ఈ ప్రాంత రైతులందరికీ తెలిసిందే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తారు. కాయ నిటారుగా లేచినచోట నీళ్లున్నట్టు. కొందరు వేపపుల్ల పట్టుకుంటారు. నీళ్లు పడితే అతని చేతి మహిమ. పడకపోతే రైతు కర్మ. నీళ్లు పడని బోర్ల లెక్క ఎవరూ రాయరు కాబట్టి నమ్మకం చెక్కుచెదరదు. అప్పు మాత్రం పెరుగుతుంది. నల్గొండ జిల్లాలోని ముషంపల్లి లెక్కలేనన్ని బోర్లతో పత్రికలకెక్కింది. ఇక్కడ నేలంతా గ్రానైట్ రాయి. నీళ్లుండేది రాతి పగుళ్లలో. ఆ పగుళ్లు ఎక్కడున్నాయో చూసేందుకు భూగర్భజల శాస్త్రం ఉంది, పరికరాలున్నాయి. వాటి అంచనా కూడా ఒక్కోసారి తప్పుతుంది. కానీ ఎన్నిసార్లు తప్పిందో లెక్క ఉంటుంది. లెక్క ఉన్నచోటే తప్పు దిద్దుకునే వీలుంటుంది.

ఫ్లోరైడ్ సంగతీ అంతే. కాళ్లు వంకర్లు పోయి, నడుం వంగిపోయిన మనుషుల్ని చూసి అది తలరాత అనుకున్న రోజులున్నాయి. ‘మా బావి నీళ్లు తియ్యగుంటయి’ అన్నది నమ్మకం. ఆ మోతాదులో ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు. నాలుక చెప్పలేదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. 1937లోనే మద్రాసు రాష్ట్రంలో షార్ట్ అనే వైద్యుడి బృందం ఈ జబ్బుకు నీళ్లలోని ఫ్లోరైడ్ కారణమని గుర్తించింది. తర్వాత నాగపూర్‌లోని ‘నీరి’ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించారు. దాని పేరు ‘నల్గొండ టెక్నిక్’. జిల్లా పేరు ఆ పద్ధతితోపాటు ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. తలరాత అని నమ్ముతూ కూర్చుంటే ఆ పటికా సున్నం ఎవరికీ తట్టేవి కావు.

అన్నిటికన్నా ఘోరం బాణామతి. ఇంట్లో పిల్లవాడికి జ్వరం తగ్గదు. గొడ్డు చచ్చిపోతుంది. ఎవరో ఒక ముసలమ్మ మీదో, ఒంటరి మనిషి మీదో అనుమానం పడుతుంది. ‘నాకు అనుమానంగా ఉంది’ అన్న మాట రెండ్రోజుల్లో ‘నాకు తెలుసు’గా మారుతుంది. ఆ తర్వాత చెట్టుకు కట్టేస్తారు, పళ్లు పీకుతారు, ప్రాణాలే తీస్తారు. తెలంగాణ పల్లెల్లో ఇలాంటి వార్తలు ఎన్నిసార్లో వచ్చాయి. కొట్టిన చేతుల్ని అడిగితే ఎవరూ కళ్లతో చూశామని చెప్పలేరు. ‘తెలుసు’ అన్న ఒక్క మాట ఓ మనిషి ప్రాణం తీసింది.

1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ఒకటి. అంటే దేవుణ్ని నమ్మవద్దని కాదు. పరీక్షించి తేల్చుకోగల సంగతిని పరీక్షించి తేల్చుకొమ్మని. నీళ్లలో ఏముంది, జ్వరం ఎందుకొచ్చింది, బండ కింద జల ఉందా... ఇవి తేల్చుకోగలిగినవి. వీటిని నమ్మకానికి వదిలేయకూడదు. దేవుడున్నాడా అన్నది అలా సీసాలో పట్టి పరీక్షకు పంపగలిగింది కాదు. అక్కడ ‘నమ్ముతున్నాను’, ‘నమ్మడం లేదు’ అన్న మాటలకు ఎంతైనా చోటుంది. ‘నాకు తెలుసు, నువ్వూ ఒప్పుకో’ అన్నప్పుడే తగువు.

పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. దీపం వెలిగిస్తున్నప్పుడో, ఎవరైనా పోయినప్పుడో. భక్తులైన తల్లిదండ్రులు ‘నేను నమ్ముతాను, ఇందుకు నమ్ముతాను’ అని చెప్పవచ్చు. నమ్మనివాళ్లు ‘నాకు నమ్మకం లేదు, ఇందుకు లేదు’ అని చెప్పవచ్చు. దానికి ఇంకొక్క వాక్యం కలిపితే చాలు... ‘పెద్దయ్యాక నువ్వే ఆలోచించుకో’. ఆ పిల్లలు రేపు ఏ చీటీ ఎంచుకున్నా, ఎదుటివాడి చీటీ చూసి రాయి తీయరు. తెలియని సంగతి దగ్గర ‘నాకెరుక లేదు’ అనడానికి సిగ్గుపడరు.

అంతమాత్రం ఎరుక ఉంటే చాలదూ!